బడి గేటు ముందు ఆఖరి అర కిలోమీటరు

పొద్దున ఎనిమిదింపావుకు మా అమ్మాయి స్కూలుండే సందులోకి వచ్చి చూడాలి. స్కూటీ ముందు నిలబడి రెండు అద్దాలూ పట్టుకున్న యూకేజీ పిల్లాడు, వెనక సీటు మీద వాళ్లక్క, ఆమె వీపున ఒక బ్యాగు, హుక్కుకు ఇంకో బ్యాగు, మధ్యలో హారన్ మీద నుంచి వేలు తియ్యని నాన్న. ఆటోల బయటి కడ్డీలకు గుత్తులుగా వేలాడే బ్యాగులు, వాటర్ బాటిళ్లు. ఒక్క పిల్లను దింపడానికి వచ్చిన ఏడు సీట్ల కారు. గేటు దగ్గర విజిల్ ఊదీ ఊదీ అలిసిపోయిన వాచ్‌మన్.

ఒకరోజు వాన పడుతోందని మేమూ కారు తీశాం. మెయిన్ రోడ్డు మలుపు నుంచి గేటు దాకా నాలుగు వందల మీటర్లు కూడా ఉండదు. పదకొండు నిమిషాలు పట్టింది. ఈలోగా గొడుగు వేసుకుని మనవడి చెయ్యి పట్టుకున్న ఒక తాతగారు మా కారును దాటి వెళ్లారు. వాణ్ణి గేటు లోపలికి పంపి, తిరిగి మా పక్క నుంచే ఇంటికి వెళ్లిపోయారు. మా అమ్మాయి కిటికీలోంచి చూసి, "నాన్నా, తాతగారి పని అయిపోయింది, మనం ఇంకా ఇక్కడే" అంది.

ఆ సందులో ఎవరిని కదిలించినా ఒకటే జవాబు. "ఇంత ట్రాఫిక్‌లో పిల్లను ఎలా నడిపిస్తాం అండీ?" నిజమే. కాకపోతే ఆ వేళప్పుడు ఆ సందులో ఉన్న ట్రాఫిక్ అంతా మనమే. తొమ్మిది దాటాక అక్కడ కూరగాయల బండి, రెండు కుక్కలు తప్ప ఏమీ ఉండవు. నా పిల్లను నీ బండి నుంచి కాపాడుకోవడానికి నేను బండి తీస్తాను. నా బండికి భయపడి నువ్వు తీస్తావు. ఒక్కడు మానుకుంటే వాడి పిల్ల ఒక్కతే బండ్ల మధ్య నడవాలి, కాబట్టి ముందుగా మానుకునేవాడు ఉండడు.

బండ్లు మాని పిల్లలను బడికి నడిపించండి అంటూ మన దగ్గరా అప్పుడప్పుడు ఒక ర్యాలీ జరుగుతుంది. ప్లకార్డులు పట్టుకున్న ఎనిమిదో తరగతి పిల్లలు, ఒక బ్యానరు, ఒక ఫొటో. (ఆ పిల్లలను ర్యాలీకి దింపడానికి వచ్చిన బండ్లు ఫొటోలో పడవు.) మర్నాడు అంతా మామూలే. తల్లిదండ్రులకు బద్ధకం అనో, పట్టింపు లేదనో అనుకుంటాం. నాకైతే అలా అనిపించదు. ఈ ప్రచారాలు మనతో పొద్దున ఎనిమిదింటికి మాట్లాడతాయి. అప్పటికి నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. స్కూల్లో సీటు తీసుకున్న రోజే పిల్ల ఏ బండి ఎక్కాలో కూడా ఖాయమైపోతుంది.

అడ్మిషన్ నాడు తీసుకున్న నిర్ణయం

2009 విద్యాహక్కు చట్టంలో దగ్గరి బడి అనే మాట ఉంది. దాని నియమాల ప్రకారం అయిదో తరగతి దాకా ఇంటికి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. చిన్న పిల్లలు నడిచి, పెద్ద పిల్లలు నడిచో సైకిల్ మీదో వెళ్లగల దూరం అది. ఆ లెక్క ప్రభుత్వ బడి ఎక్కడ పెట్టాలో చెబుతుంది గానీ మనం పిల్లను ఎక్కడ చేర్చాలో చెప్పదు. మనం ఇంగ్లిష్ మీడియం చూస్తాం, రిజల్ట్స్ చూస్తాం, బావగారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో చూస్తాం. పేరు వెనక టెక్నో అనో, ఒలింపియాడ్ అనో ఉందా అని చూస్తాం. ఆ జాబితాలో దూరం ఆఖరున వస్తుంది, అదీ "బస్సు ఉందిగా" అన్న మాటతో కొట్టుకుపోతుంది. బస్సు ఫీజు పది నెలలకా పన్నెండు నెలలకా అని అకౌంటెంట్‌తో వాదిస్తాం గానీ, రోజుకు గంటన్నర చొప్పున పిల్ల ఏడాదిలో ఎన్ని గంటలు రోడ్డు మీద గడుపుతుందో లెక్క వెయ్యం.

జపాన్‌లో ఆరేడేళ్ల పిల్లలు పెద్దవాళ్లు లేకుండా బడికి నడిచి వెళ్లే వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. "చూడండి ఎంత క్రమశిక్షణో" అని కింద ఒక మాట. ఆ క్రమశిక్షణ వెనక ఉన్న ఏర్పాటు వీడియోలో కనపడదు. అక్కడ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు హద్దులుంటాయి, ఏ ఇల్లుంటే ఆ బడి. అందరూ ఒకే బడికి వెళ్తారు కాబట్టి వీధిలో పిల్లలంతా ఒకచోట చేరి గుంపుగా బయల్దేరతారు. ముందు పెద్ద క్లాసు పిల్ల, మధ్యలో బుడతలు. రోడ్డు దాటేచోట పసుపు జెండా పట్టుకుని ఎవరో ఒక అమ్మో తాతో నిలబడతారు. మా అపార్ట్‌మెంట్‌లో పదిహేను మంది బడి పిల్లలుంటే వాళ్లు వెళ్లే స్కూళ్లు ఏడు. గుంపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ నిర్ణయం ప్రతిసారీ కుటుంబం చేతిలోనే ఉంటుందనీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో 117వ నంబరు జీవో వచ్చింది. ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూలుకు కలపడం దాని సారాంశం. కాగితం మీద కిలోమీటరు అంటే ఏముంది, పావుగంట నడక. ఆ కిలోమీటరులో హైవే ఉంటే? వాగు ఉంటే? రైలు పట్టాలు ఉంటే? ఎనిమిదేళ్ల పిల్లను ఒక్కదాన్ని ఎలా పంపుతామని చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడి ముందు బైఠాయించారు. ఆ జీవో 2025లో రద్దయింది. మంచిచెడ్డలు పక్కన పెడితే నాకు దాంట్లో కనిపించింది ఒకటే, పిల్లల దూరాన్ని మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలవలేం. మధ్యలో ఏం దాటాలి అన్నదే అసలు కొలత.

ఆ దాటడం ఎంత ఖరీదో మనకు తెలియంది కాదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్ ప్యాసింజరు ఢీకొంది. డ్రైవరుతో పాటు పదిమందికి పైగా పిల్లలు పోయారు. చుట్టుపక్కల పల్లెల నుంచి తూప్రాన్‌లోని ప్రైవేటు స్కూలుకు బయల్దేరిన పిల్లలు వాళ్లు. ఆ దారికి ఒక గేటు, ఆ గేటుకు ఒక మనిషి లేకపోయాడు. బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేసే పని 2019 జనవరికి గానీ పూర్తి కాలేదు.

భయం దేని మీద, బండి దేనికి

ఇంగ్లండులో ఒక పాత లెక్క ఉంది. 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో నూటికి 80 మంది పెద్దవాళ్ల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి 9 మంది. ఆ మధ్య కాలంలో రోడ్ల మీద చనిపోయే పిల్లల సంఖ్య తగ్గింది. రోడ్లు బాగుపడ్డాయని అధికారులు చెప్పుకున్నారు. ఆ అధ్యయనం చేసిన మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం ఒప్పుకోలేదు. రోడ్లు బాగుపడలేదు, పిల్లలనే రోడ్డు మీద నుంచి తీసేశారు అన్నారు వాళ్లు. పాములున్న పెరట్లోకి పిల్లలను వదలడం మానేసి, మా పెరట్లో ఎవరికీ పాము కుట్టలేదని చెప్పుకున్నట్టు.

నెదర్లాండ్స్ వాళ్లు అదే సమయంలో వేరే దారి పట్టారు. 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. బడికి వెళ్తూ ప్రమాదంలో పోయిన ఒక పాప తండ్రి పత్రికా విలేకరి. 1972లో ఆయన రాసిన వ్యాసం శీర్షిక 'పిల్లల హత్యలు ఆపండి'. అదే ఒక ఉద్యమానికి పేరైంది. వాళ్లు తల్లిదండ్రులకు ఏ హితబోధా చెయ్యలేదు. వీధుల్లో బండ్ల వేగం తగ్గించండి, సైకిళ్లకు దారి ఇవ్వండి అని ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ మరుసటి ఏడాదే పెట్రోలు సంక్షోభం వచ్చి వాళ్ల పని కొంత సులువైంది, అది వేరే సంగతి. ఇవాళ అక్కడ పిల్లలు సైకిళ్ల మీద బడికి పోతున్నారంటే ఏదో పుట్టుకతో వచ్చిన అలవాటు అనుకుంటాం గానీ, యాభై ఏళ్ల కింద వాళ్లూ మనలాగే రోడ్డు చూసి వణికినవాళ్లే.

మన లెక్కలు చూడండి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లు. అమ్మానాన్నల భయానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. అదే నివేదికలో టూవీలర్ల మీద పోయినవాళ్లు 75 వేలకు కాస్త తక్కువ. ఎంతమంది నడుస్తున్నారో, ఎంతమంది బండ్ల మీద తిరుగుతున్నారో తెలియకుండా రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. కానీ నడిపిస్తే ప్రమాదం, స్కూటీ ఎక్కిస్తే క్షేమం అనుకుంటున్నామే, ఆ నమ్మకానికి మాత్రం ఈ అంకెల్లో చోటు లేదు. పైగా నలుగురం ఎక్కుతాం. పెద్దవాళ్లకు హెల్మెట్ ఉంటుంది, అదీ పోలీసు కోసం. పిల్లలకు ఉండదు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి అని చట్టంలో ఉంది. అంతకంటే చిన్న పిల్లలను ఎక్కించుకుంటే బెల్టు కట్టాలి, 40 కిలోమీటర్ల వేగం మించకూడదు అని 2022లో వచ్చిన నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఆ బెల్టు కట్టుకున్న పిల్లను మా సందులో నేను ఇంతవరకు చూడలేదు. నేను కొన్నదీ లేదు, అది కూడా చెప్పాలి.

అయితే భయం ఎప్పుడూ బండ్ల గురించే ఉండదు. ఆడపిల్ల ఏడో తరగతి దాటాక అమ్మల మాట మారుతుంది. మూలమీద కుర్రాళ్లు, చీకటి పడ్డాక స్టడీ అవర్, వైన్ షాపు ముందు నుంచి దారి. ఇవి ఎవరూ సర్వే ఫారంలో రాయరు, మాటల్లో చెబుతారు. చాలాచోట్ల ఈ భయమే చదువును ఆపేసింది. బీహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది, ఒక్కో పిల్లకు 2 వేల రూపాయలు. తర్వాత కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. హైస్కూలు మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరం ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనిపించింది. ఒకే రోజు ఊళ్లో పాతిక మంది ఆడపిల్లలకు సైకిళ్లు వస్తే వాళ్లు కలిసి వెళ్తారు. ఒంటరి పిల్ల మీద పడే చూపు పాతిక సైకిళ్ల మీద పడదు. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లు పంచినప్పుడు వెనకున్న ఆలోచనా ఇలాంటిదే. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఏపీలో 2025 ఆగస్టు నుంచి. ఛార్జీ సమస్య తీరింది. బడి వేళకు బస్సు వస్తుందా, వస్తే అడుగు పెట్టే జాగా ఉంటుందా అన్నవి ఊరిని బట్టి.

ఆటోల గురించి రెండు మాటలు. ఆటో అంకుల్‌ను తిట్టడం తేలిక. ఆరుగురు ఎక్కాల్సిన చోట పన్నెండు మందిని ఎక్కిస్తాడు, డ్రైవరు సీటు పక్కన చెక్క వేసి ఇద్దరిని కూర్చోబెడతాడు. ఆ పన్నెండు మందిని ఎక్కించినందుకే మనకు నెలకు అంత తక్కువ తీసుకుంటున్నాడు, అది మనకూ తెలుసు. స్కూలు బస్సుల మీద 1997లోనే సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. వేగం మించకుండా ఆపే స్పీడ్ గవర్నరు, కిటికీలకు అడ్డ కడ్డీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, తోడుగా ఒక మనిషి. ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు రవాణా శాఖ వాళ్లు ఫిట్‌నెస్ తనిఖీలు చేస్తారు, పేపర్లో సీజ్ చేసిన బస్సుల సంఖ్య వస్తుంది. ఆటోకు అంత హడావుడి లేదు. బస్సు ఫీజు కట్టలేని ఇంటికి ఆటోయే దిక్కు కాబట్టి, ఆటో ఆపండి అంటే ఆ ఇంటి పిల్లను బడి మాన్పించండి అన్నట్టే అవుతుంది.

ఇక మన ఎండలు, మన బ్యాగులు. మార్చి 15 వస్తే ఒంటిపూట బడులు. పొద్దున నడక హాయిగానే ఉంటుంది, బడి వదిలేది మాత్రం పన్నెండున్నరకు. ఆ ఎండలో నడవమని ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? చెట్టు లేని రోడ్డు మీద నడక ప్రచారం మార్చితో ముగుస్తుంది. బ్యాగుల బరువు మీద 2018లో కేంద్రం పరిమితులు పెట్టింది. ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి 5 కిలోలు. మా అమ్మాయి నాలుగో తరగతి, పరిమితి 3 కిలోలు. ఒకరోజు ఇంట్లో తూకం మీద పెట్టి చూశాను. టిఫిన్ డబ్బా, బాటిలు కలిపి అయిదు దాటింది. నడిపిస్తే ఆ బరువు నా భుజం మీదికే వస్తుంది, అదీ ఒక కారణమే.

ఆఖరి అర కిలోమీటరు

మరి చెయ్యగలిగింది ఏమీ లేదా? దూరం అడ్మిషన్ నాడే తేలిపోయింది, ఎనిమిది కిలోమీటర్ల అవతల చదివే పిల్లను నడవమని ఎవరూ అనలేరు. కానీ గేటు ముందరి అర కిలోమీటరు అందరికీ ఒక్కటే. మణికొండ నుంచి వచ్చినా పక్క సందు నుంచి వచ్చినా ఆ ముక్క దాటాల్సిందే. తొక్కిసలాట జరిగేదీ అక్కడే, రివర్స్ తీసే కారు వెనక పిల్ల నిలబడేదీ అక్కడే.

ఇటలీలో బోల్జానో అనే ఊరు 1989లో ఆ ముక్కను పట్టుకుంది. బడి మొదలయ్యే ముందు, వదిలాక కాసేపు ఆ వీధిలోకి బండ్లు రానివ్వరు. అడ్డంగా ఒక బారికేడ్, పక్కన ఒక మనిషి, అంతే. లండన్‌లో ఇప్పుడు ఇలాంటి బడి వీధులు వందల్లో ఉన్నాయి, ప్యారిస్‌లోనూ ఉన్నాయి. మన దగ్గర ఇది అసాధ్యం అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వినాయక నిమజ్జనానికి, బోనాలకు, ఆఖరికి ఎవరింట్లోనో పెళ్లి షామియానాకు కూడా సందు మూసెయ్యడం మనకు వచ్చు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట అనేసరికి ఎందుకో రాదు.

ఇంకోటి నడిచే బస్సు. ఆస్ట్రేలియాలో డేవిడ్ ఎంగ్విచ్ట్ అనే ఆయన 1990లలో చెప్పిన ఆలోచన, ఇంగ్లండులో 1998లో సెయింట్ ఆల్బన్స్‌లో మొదలైంది. ఇద్దరు పెద్దవాళ్లు ముందూ వెనకా, మధ్యలో పిల్లలు, బస్సుకు ఉన్నట్టే స్టాపులు, టైము. వినడానికి ముచ్చటగా ఉంటుంది. చాలాచోట్ల ఇది ఒకటి రెండేళ్లకు ఆగిపోతుంది. నడిపించే అమ్మకు ఉద్యోగం వస్తుంది, లేదా ఆమె పిల్ల పెద్ద స్కూలుకు మారుతుంది. తేలిగ్గా మొదలయ్యే ఏర్పాటు అంతే తేలిగ్గా పోతుంది. మా ఊళ్లో మేం చిన్నప్పుడు ఇలాగే వెళ్లేవాళ్లం, దానికి పేరు లేదు. పెద్దమ్మాయి ఎవరో ఒకరు గుమ్మం ముందు నిలబడి పిలిస్తే మిగతావాళ్లం పలక పట్టుకుని పరుగెత్తేవాళ్లం. ఆమె పెళ్లయి వెళ్లిపోతే ఇంకో పెద్దమ్మాయి. పెద్దవాళ్ల మీద ఆధారపడలేదు కాబట్టే అది ఆగలేదేమో.

అలవాటు మార్చాలంటే సమయం కూడా ముఖ్యం. నవంబరులో ఎవరినీ కదిలించలేం, అప్పటికి ఎవరి బండి వాళ్లకు కుదిరిపోయి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు, క్లాసు మారినప్పుడు, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో పాత పద్ధతి కాస్త వదులవుతుంది. పిల్లలు బడికి వచ్చే పద్ధతి మారాలని స్కూళ్లు నిజంగా అనుకుంటే జూన్ మీటింగులో యూనిఫాం కొలతల గురించి చెప్పే పది నిమిషాల్లో రెండు నిమిషాలు దీనికిస్తే చాలు. మీ ఏరియా నుంచి ఇంకెవరు వస్తున్నారో ఒక జాబితా, బండి ఎక్కడ ఆపాలో ఒక చోటు. క్లాసులు పది నిమిషాల తేడాతో వదిలితే ఇంకా మంచిది. నిలబడటానికి ఫుట్‌పాత్ అడగాల్సింది మాత్రం కార్పొరేషన్‌ను. నివాస ప్రాంతాల్లో 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. మా సందులో ఆ 1.8 మీటర్లలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఇడ్లీ బండి, ఒక శాశ్వతంగా ఆగిపోయిన మారుతి వ్యాన్ ఉన్నాయి.

మేం కిందటి జూన్‌లో మొదలుపెట్టాం, పెద్ద ప్రణాళిక ఏమీ లేదు. సందు మలుపుకు ముందు వాటర్ ట్యాంకు ఉంది, దాని పక్కన బండి పెట్టే చోటుంది. అక్కడ ఆపి, బ్యాగు నేను పట్టుకుని గేటు దాకా నడవడం. ఆరు నిమిషాలు. మొదటి వారం మేమిద్దరమే. తర్వాత రెండు కుటుంబాలు కలిశాయి, వంతులు వేసుకున్నాం. జులై వానలకు ఒకరు మానేశారు. ఒక కుక్క వెంటపడ్డాక ఇంకొకరు మానేశారు. దసరా సెలవుల తర్వాత పక్క అపార్ట్‌మెంట్‌లోని తొమ్మిదో తరగతి అమ్మాయి, తనూ ఆ స్కూలే, "అంకుల్, నేను తీసుకెళ్తాలెండి" అంది. ఇప్పుడు ట్యాంకు దగ్గర ఏడుగురు చేరతారు. ఆ పిల్ల ముందు నడుస్తుంది, గేటు దగ్గర రివర్స్ తీసే కార్ల మీద చేత్తో దబదబా కొట్టి ఆపుతుంది, ఆ పని నేనెప్పుడూ చెయ్యలేకపోయాను. తాతగారి మనవడూ ఆ గుంపులోనే. తాతగారికి ఇక రావాల్సిన పని లేదు. అయినా రోజూ గొడుగు పట్టుకుని పది అడుగుల వెనక నడుస్తూనే ఉంటారు.